దించని రాగం

ఇంకా మొదలుపెట్టలేదు. మైకు ముందు నిలబడ్డ పిలగాడు హలో హలో అంటాడు, ఊదుతాడు, చెవి దగ్గర పెట్టుకొని వింటాడు, మళ్ళీ ఊదుతాడు, మైకు ఏమన్నా జవాబు చెప్తుందేమో అన్నట్టు. ఎండ వాలింది గాని నేల ఇంకా కాలుతూనే ఉంది. లక్సెట్టిపేటలో బస్సు దిగి ఈ మైదానం దాకా నడిచేసరికి చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము. ఆడవాళ్ళ వరుసలో ఒకామె జరిగి చోటిచ్చింది, వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి, బీడీల తునికాకు కట్టలు కట్టే మనిషి. ఎక్కడి నుంచి అక్కా అంది. కరీంనగర్ దిక్కు అన్నాను. ఎందుకొచ్చినవ్ అని అడగలేదు, బతికించింది. అడిగితే ఏం చెప్పను? ఒక పాట చివర వినడానికి ఇంత దూరం వచ్చానంటే పిచ్చిదనుకుంటుంది. పాట కూడా కాదు, పాట చివర. ఆ చివర పాడారా, నా బిడ్డ బాలలక్ష్మి బతికి ఉన్నట్టు. పాడకుండా ఆపేశారా, లేనట్టు. అంతే. దీనికి సాక్ష్యాలు, ఆధారాలు ఏమీ లేవు. మా ఇంట్లో ముగ్గురికి మాత్రమే తెలిసిన లెక్క ఇది, అందులో ఒకామె అడవిలోకి పోయింది, ఒకాయన ఇంటి దగ్గర మంచం మీద గోడకు తిరిగి పడుకున్నాడు, మూడోదాన్ని నేను ఇక్కడ దుమ్ములో కూర్చున్నాను.

నా పెనిమిటి పేరు నేను నోటితో అనను గాని ఊరంతా దశరథం అంటారు, హార్మోనియం దశరథం. మగ్గం నేసేవాడు, నాటకాలకు పాటలు కట్టేవాడు. రేపు నీతోని వస్తా అన్న మనిషి పొద్దున్నే మాట మార్చాడు. "నువ్వే పోయి ఇనిరా. నా చెవులు ఆగయి" అన్నాడు. చెవులు ఆగకపోవడమేమిటి, భయమని చెప్పొచ్చు కదా. నాకు మాత్రం చెవులు లేవా, నాకు మాత్రం భయం లేదా? చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి మళ్ళీ అన్నాడు, "వచ్చినంక నాకు పెద్ద ముచ్చట చెప్పకు. ముక్తాయింపు పాడిన్రా లేదా, గంతే చెప్పు." ముక్తాయింపు అంటే పాట ముగిసేటప్పుడు రాగం మెట్టు మెట్టుగా కిందికి దిగి, మొదట బయల్దేరిన చోటికి వచ్చి కూర్చుంటుందే, అది. ఆయన దాన్ని దించుడు అంటాడు. ఎత్తుకున్నోడు దించాలె అంటాడు. బిడ్డనైనా, బరువునైనా, రాగాన్నైనా. రాయపట్నం దగ్గర గోదావరి దాటుతున్నప్పుడు బస్సులో అందరూ కిటికీల్లోంచి పైసలు వేసి దండం పెట్టుకుంటుంటే నాకు ఆ మాటే చెవిలో మోగింది. దండం పెట్టడం కూడా మరిచిపోయాను.

ఇదంతా శంకరవ్వ పెట్టిన మంట. మా పక్కింటి శంకరవ్వ, వరుసకు ఆడబిడ్డ, కూతుర్ని ఆసిఫాబాద్‌లో ఇచ్చింది. అక్కడికి పోయి వచ్చి, చెంబు నీళ్ళు తాగకముందే మా గడపలో కూలబడి, "వదినె, మీ ఇంటి రాగం ఇన్న" అంది. ఎక్కడ అన్నాను. "అన్నల పాటలోళ్ళు వచ్చిండ్రు. గీ ఏడు సర్కారోళ్ళు నిర్బంధం జర సడలించిండ్రు గద, పట్టపగలే పాడుతుండ్రు. తునికాకు పాట. పాట వేరేదే గని రాగం మీదే. మీ బాలలక్ష్మి తొట్టెల రాగం. ఎల్లుండి లక్సెట్టిపేటల పాడుతరట." నా చేతిలో నూలు కండె ఉంది, కండె కింద పడింది. అమ్మాయి కనిపించిందా అన్నాను. లేదు, పాడింది వేరే పిల్ల. చివర పాడారా, ఆపేశారా అన్నాను. శంకరవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "అదంత నాకెరుకనా వదినె? అందరు చప్పట్లు కొట్టిండ్రు, నేను కొట్టిన." శంకరవ్వకు దేవుడు చెవులు ఇచ్చాడు, కమ్మలు పెట్టుకోవడానికి.

వేదిక మీదికి డప్పులు వచ్చాయి. మంట వేసి కాపుతున్నారు, తోలు బిగుసుకోవాలి. డప్పు కాగిన వాసన వస్తే నాకు రత్నాంగి నాటకమే. మా ఊరి సాలోళ్ళంతా కలిసి ఆడేవాళ్ళు, మగ్గాలకు పని లేని రోజుల్లో, హుస్నాబాద్ దాకా పోయి ఆడేవాళ్ళు. కథ ఎవరిదీ కాదు, మా ఆయనే అల్లాడు. రత్నాంగి మహారాణి బిడ్డను తొట్టెలలో వేసి జోల పాడుతుంది. ఆ బిడ్డ పెద్దదై ఏటికి నీళ్ళకు పోయి వరదలో పోతుంది. రాణి ఏటి ఒడ్డున నిలబడి ఏడుస్తుంది. ఆ జోల, ఆ ఏడుపు రెండూ ఒకటే రాగం. జోలలో "పట్టు దారాల తొట్టెల, పసిడి కొమ్మకు కట్టితి" అని వస్తుందా, ఏడుపులో అదే చోట, అదే ఊపులో "పట్టు దారాలు తెగెనా, పసిడి కొమ్మ విరిగెనా" అని వస్తుంది. నడక మెల్లగా ఉంటుంది, అంతే తేడా. మొదటిసారి వినిపించినప్పుడు నేనే ఎగతాళి చేశాను, కొత్త రాగం పుట్టలేదా, ఒకే చీరను రెండు పెండ్లిళ్ళకు కట్టిస్తున్నావు అని. ఆయన నవ్వలేదు. "జనం గుర్తువట్టద్దు అనసూర్యా. గుర్తువడితే నాటకం ఖరాబ్ అయితది. కని వాళ్ళ కడుపుల ఎక్కడ్నో అది తొట్టెల పాట అని ఎరుకుండాలె. గప్పుడే ఏడుపొస్తది." నిజంగానే జనం గుర్తుపట్టేవాళ్ళు కాదు. రాణి నోరు తెరిచేసరికే కొంగులు కళ్ళకు పోయేవి, ఎందుకో వాళ్ళకే తెలియదు. ఆ నాటకం నిండా అట్లాంటి దొంగతనాలే. రాజు సభకు వచ్చే పాటను జోరుగా వాయిస్తే హాస్యగాడి గెంతుల పాట. మంత్రి చాడీలు చెప్పే పాటలో రాణి పెండ్లి పాట ఒక ముక్క దాక్కొని ఉంటుంది. నాకు అవన్నీ తెలుసు గనుక నేను నాటకం చూడలేకపోయేదాన్ని. పెండ్లి పాట వస్తుంటేనే వెనక నుంచి మంత్రి వస్తున్నట్టుండేది. జోల పాట వస్తుంటేనే ఏరు వినిపించేది.

జోల పాటకు ముక్తాయింపు ఉంటుంది. ఏడుపు పాటకు ఉండదు. అదీ ఆయన కట్టిన కట్టు. ఏడుపు పాటలో రాగం చివరి మెట్ల మీదికి వచ్చి, దిగకుండా ఆగిపోతుంది. రాణి నోరు తెరుచుకొని అట్లాగే నిలబడుతుంది, హార్మోనియం ఆ ఒక్క స్వరం పట్టుకొని ఉంటుంది, తెర పడుతుంది. బతికున్న బిడ్డకు పాడితే దించాలె, పోయిన బిడ్డకు పాడితే ఎట్ల దించుతరు అనేవాడు. తెర పడ్డాక, మంగళహారతి అయ్యాక, జనం చాపలు చుట్టుకొని పోయాక, ఖాళీ పందిట్లో ఆయన ఒక్కడే హార్మోనియం పెట్టె ముందు కూర్చొని ఆ వదిలిన ముక్క వాయించేవాడు, మెల్లగా, ఎవరికీ వినిపించకుండా. అది వాయించేదాకా నాటకపోళ్ళు ఎవరూ ముఖం రంగు కడుక్కోకూడదు, ఇంటికి పోకూడదు. దించకుండా పోతే ఏడుపు ఎనకబడి ఇంటికి వస్తది అనేవాడు. అందరూ నమ్మేవాళ్ళు. నేను నమ్మలేదు, అప్పుడు.

బాలలక్ష్మి పుట్టినప్పుడు ఆ జోల నాటకంలోంచి మా ఇంట్లోకి వచ్చింది. వద్దన్నాను. ఏటిలో పోయే బిడ్డ పాట నా బిడ్డకెందుకు అని పోట్లాడాను. "దించుతున్న గద, ఏం ఫికర్ లేదు" అనేవాడు. నిజమే, ప్రతిసారీ చివరిదాకా పాడేవాడు. పిల్ల మాత్రం ముక్తాయింపు వచ్చేదాకా నిద్రపోయేది కాదు, కళ్ళు తెరుచుకొని దాని కోసం చూసేది, అది రాగానే రెప్పలు వాలేవి. కొంచెం పెద్దదయ్యాక నా ఎదురుగా కూర్చొని పోగులు అతికేది. పాత పడుగు అయిపోయినప్పుడు మగ్గం అచ్చులో జానెడు పోగులు వదిలేస్తాం, కోసి పారెయ్యం. వేళ్ళకు బూడిద అద్దుకొని, కొత్త పడుగు పోగును ఒక్కొక్కదాన్నీ ఆ పాత పోగుకు పెట్టి మెలిపెడతాం. అది ఆడవాళ్ళ పని, పొద్దంతా పడుతుంది, నోరు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ నోటితోనే ఇది నాటకమంతా నేర్చుకుంది. రాజు పాట, మంత్రి పాట, ఏడుపు పాట. ఏడుపు పాట చివర ఆపి నా ముఖం చూసేది, అల్లరి. నేను పోగు మీది నుంచి కళ్ళెత్తకుండా చివరి ముక్క పాడి దించేదాన్ని. "మా బాపు పెట్టె మీద దించుతడు, మా అవ్వ నోటితోని దించుతది" అని నవ్వేది. ఆ నవ్వు... ఎవరీ పిలగాడు, ఇంకా ఊదుతున్నాడు మైకులోకి. నీ నోట్లో మన్నుపడ, మొదలుపెట్టు నాయనా. వద్దులే, పెట్టకు. మొదలైతే ముగియాలి కదా. ఇట్లా హలో హలో అంటున్నంతసేపూ నా బిడ్డ బతికే ఉంది.

రాణి వేషం ముత్యానిది. ముత్యం మీసం గొరిగించుకొని, నా పెండ్లి చీర కట్టుకొని, నాకంటే బాగుండేవాడు. ఆడవాళ్ళు నాటకంలో పాడకూడదు, మా మేళంలో అది మొదటి నుంచీ ఉన్న కట్టు. హుస్నాబాద్‌లో ఉపేందర్‌రావు దొర గడీ ముందు నాటకం అన్నరోజే ముత్యం గొంతు పోయింది, కప్పకు కూడా జాలి పుట్టేటట్టు అరుస్తున్నాడు. ఏం చేస్తారు, పిల్లను తెర వెనక కూర్చోబెట్టారు. ముత్యం ముందు నిలబడి నోరు ఆడించాడు, వెనక నుంచి నా బిడ్డ పాడింది. ఏటి ఒడ్డు పాట ఆ తీరుగా నేనెప్పుడూ వినలేదు. చివర అది ఆపిన చోట, అంతమంది జనంలో దగ్గు కూడా వినిపించలేదు. తెల్లవారి దొర అందర్నీ పిలిచి శాలువా తెప్పించాడు. "ముత్యం, గొంతు గీతీరుగ ఎప్పుడొచ్చిందిరా నీకు?" అన్నాడు. ముత్యం నేల చూశాడు. మా ఆయన కూడా నేల చూశాడు. "మీ దయ దొరా" అన్నాడు మా ఆయన. బాలలక్ష్మి స్తంభం పక్కన నిలబడి వాళ్ళ బాపు ముఖమే చూస్తోంది, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని. శాలువా ముత్యం భుజాల మీద పడింది. దారి పొడుగునా పిల్ల మాకంటే ముందు నడిచింది. ఆ రోజు ఆయన మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, అన్నంలో ఉప్పు ఎక్కువైన రోజు కూడా ఆ శాలువానే ఎత్తుతాను. ఆయన కంచం ముందు తల వంచుకొని తింటాడు.

తర్వాత పాటలోళ్ళు మా ఊరికి వచ్చారు. అప్పటికి మరమగ్గాలు వచ్చాయి, పొద్దంతా చప్పుడు, కూలి మాత్రం పెరగలేదు. ఆ కూలి కోసం పాటలు. గొంగడి భుజాన వేసుకున్న ఒక ఆడపిల్ల నడిబజారులో నిలబడి, కొంగు నడుముకు చెక్కి, గొంతెత్తి పాడింది. మా బాలలక్ష్మి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అవ్వా, చూసినవా, తెర లేదు" అంది. అంతే అంది. నాకు అర్థమైంది గాని అర్థం కానట్టు ఊరుకున్నాను. కొన్నాళ్ళకు ఒక పొద్దున లేచి చూస్తే పిల్ల లేదు. వాళ్ళ బాపు ఆ రోజే పెట్టె మూసి అటక మీద పెట్టాడు, మళ్ళీ తీయలేదు. పెట్టె మూశాడు గాని రాగం మూతపడదు కదా. మరమగ్గం ఉంది చూడండి, దాని చప్పుడులో ఏ పాట అనుకుంటే ఆ పాట వినిపిస్తుంది. నాకు ఆ ఏడుపు పాటే, ఆ ఆపిన చోటి దాకా వచ్చి, మళ్ళీ మొదటికి, మళ్ళీ ఆ చోటి దాకా. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు అందరూ హమ్మయ్య అంటారు. నాకు ఆ నిశ్శబ్దమే భయం, తెర పడ్డట్టుంటుంది. ఆయనకూ వినిపిస్తుందని నాకు తెలుసు, కరెంటు పోగానే నా ముఖం చూస్తాడు. ఒకరినొకరం అడగం.

"అక్కా, గిప్పుడు పాడుతరు" అంది పక్కనున్నామె. ఎవరో ఏదో మాట్లాడారు, కట్టకు రేటు పెంచాలన్నారు, చప్పట్లు. ఒక పిల్ల ముందుకు వచ్చింది. చిన్న జడ, ఎండకు కమిలిన ముఖం, భుజాన గొంగడి. నా బిడ్డ కాదు. తెలుసు కాదని, అయినా కాళ్ళ నుంచి తల దాకా రెండుసార్లు వెతికాను. మొదటి స్వరం ఎత్తుకుంది. అయ్యో. అదే. "తునికి ఆకుల కట్టలు, తలకు మించిన బరువులు." పట్టు దారాల తొట్టెల ఉండాల్సిన చోట ఆకు కట్టలున్నాయి, పసిడి కొమ్మ ఉండాల్సిన చోట బరువులున్నాయి, ఊపు అదే, రెండో మాట దగ్గర చిన్న వంపు అదే, ఆ వంపు మా ఆయన ఒక మధ్యాహ్నం అన్నం మానేసి వెతికి పట్టుకున్నాడు. పక్కనున్నామె తల ఊపుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, ఎందుకో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. మెల్లగానా, జోరుగానా? జోలలా పాడుతోందా, ఏడుపులా పాడుతోందా? డప్పు ఉంది గనుక తెలియడం లేదు. నా వేళ్ళు నాకు తెలియకుండానే ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి, బూడిద లేకుండానే. రెండో చరణం. కొండ ఎక్కిన ఒక అక్క గురించి. ఏ అక్క? కొండ ఎక్కి ఏమైంది? చెప్పదు, మళ్ళీ ఆకు కట్టల దగ్గరికే వస్తుంది. చివరి చరణం. ఇక మెట్లు వస్తాయి. తల్లీ, దించు. నీ కాళ్ళు మొక్కుతాను, ఎవరి బిడ్డవో, దించు. ఒక్క ముక్క. మూడు మెట్లు. ఎవరికీ నష్టం లేదు, దించు.

ఆపేసింది.

డప్పు ఆగింది. పిల్ల నోరు తెరుచుకొని అట్లాగే నిలబడింది, ముత్యం నిలబడేవాడే, అట్లాగే. జనం చప్పట్లు కొట్టలేదు, ఇంకేదో ఉందనుకుంటున్నారు. రాగం మైదానం మీద నిలబడి ఉంది. ఆ పిల్ల మాత్రం జనాన్ని చూస్తోంది, ఒక్కొక్క వరుసే, ఆడవాళ్ళ వైపు, ఎవరినో వెతుకుతున్నట్టు. లేదు, నా బిడ్డ లేదు. ఇక లేదు. గొంతులో ఏడుపు రాలేదు. వచ్చింది ఏమిటంటే, ఆ మూడు మెట్లు. నేను పాడలేదు, అవే వచ్చాయి, పోగు మీది నుంచి కళ్ళెత్తకుండా పాడినట్టు, తల వంచుకొనే, మెల్లగా. నా గొంతు ఏపాటి గొంతు. అయినా అంత నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. పక్కనున్నామె నా వైపు తిరిగింది. రాగం మొదలైన చోటికి వచ్చి కూర్చుంది.

వేదిక మీది నుంచి ఆ పిల్ల దూకింది. మనుషుల మధ్య నుంచి, కాళ్ళు తొక్కుకుంటూ వచ్చి, నా ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "బాలక్క అవ్వవా?" అంది. తల ఊపాను.

"ప్రతి ఊర్ల గీడ్నే ఆపుతున్నం అవ్వా. అక్క చెప్పింది. గీడ ఆపుండ్రి, ఎన్నడో ఒకనాడు ఒకామె దించుతది, ఆమె మా అవ్వ, ఆమెకు నా ముచ్చట చెప్పుండ్రి అన్నది."

"ఎప్పుడు?" అన్నాను.

"మొన్న వానకాలం. జరమొచ్చింది. చలిజరం. వాగులు నిండినయ్, దవాఖానకు తీస్కపోలేకపోయినం." ఆ పిల్ల ఏడుస్తోంది, నేనే దాని కన్నీళ్ళు కొంగుతో తుడుస్తున్నాను. "పానమున్నంతదాక పాడింది అవ్వా. అక్క పాడితె ఊర్లకు ఊర్లు వచ్చి కూసునేటోళ్ళు."

తెర లేకుండా పాడింది. నా బిడ్డ అందరి ముందు నిలబడి పాడింది, జనం దాని ముఖం చూస్తూ ఏడ్చారు. ఆ మాట పట్టుకున్నాను, పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. అప్పుడు ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, పాట ఇప్పుడు అయిపోయిందని. మైదానమంతా కొట్టింది. ఎండ పూర్తిగా పోయింది. బస్సుకు ఇంకా టైముందని పక్కనున్నామె నీళ్ళు తెచ్చి తాగించింది. ఆ పిల్ల నా చెయ్యి వదలడం లేదు. నేను ఇంటికి పోతాను. గోడకు తిరిగి పడుకున్న మనిషి నేను చెప్పులు విడిచే చప్పుడు విని లేస్తాడు. పెద్ద ముచ్చట వద్దు, ముక్తాయింపు పాడిన్రా లేదా, గంతే చెప్పు అంటాడు. పాడిన్రు అంటాను. అటక మీది నుంచి పెట్టె దించమంటాను. ఎవరు పాడారో, ఆయన అడిగినప్పుడు చెప్తాను.